ఒక వాక్యం తక్కువైన కాగితం

(నెబ్రాస్కా, లిపోవా ఊరి మాజీ సైనికుల హాలులో, బ్రెజినా లాయరుగారి ఆఫీసు నుంచి పదవీ విరమణ చేసిన రోజున లియోనా ష్రామెక్ మాట్లాడినది)

సభకు పెద్దగా కూర్చుని, చెవి మిషను ఇంట్లో మరిచిపోయి వచ్చినా అన్నీ వింటున్నట్టే తల ఊపుతున్న మా లాయరు మైలో బ్రెజినా గారికీ, విందుకి వండిన బాతులు చల్లారకముందే ప్రార్థన ముగించి మా అందరి పుణ్యం కట్టుకున్న ఫాదర్ గారికీ, పొద్దున్నించీ వంటింట్లో నిలబడి డంప్లింగుల పిండి ముద్దలు చుట్టిన అక్కచెల్లెళ్ళకూ, ఈ బల్లల చుట్టూ ఉన్న లిపోవా పెద్దలకూ, మిత్రులకూ, మేము నిన్ను చూడ్డానికి రాలేదే, బాతు కోసం వచ్చామని గుమ్మంలోనే నిజం ఒప్పేసుకున్న మా పేకాట జట్టుకూ నమస్కారం. (నవ్వులు)

నలభై ఆరేళ్ళలో నేనెప్పుడూ మైకు ముందు నిలబడలేదు. మాట్లాడ్డం మైలో గారి పని, టైపు కొట్టడం, ముద్ర వెయ్యడం నా పని. ఇవాళ పొగడ్తలన్నీ విన్నాక రెండు ముక్కలు చెప్పి కూర్చోమన్నారు కానీ, నేను రెండు ముక్కలతో కూర్చోను, ముందే చెప్పేస్తున్నాను. నాకు ఇక్కడ ఒక పని ఉంది. నా చేతిసంచిలో ఒక కాగితం ఉంది. ఇన్నేళ్ళూ మీ అందరికీ రాసి పెట్టిన పవర్ ఆఫ్ అటార్నీ, మన పవర్ కాగితమే, ఈసారి నా కోసం రాసుకున్నాను. నాకు చేతకాని రోజు వస్తే నా తరఫున సంతకాలు పెట్టేవాళ్ళు ఎవరో రాయాల్సిన గీత ఒకటి అందులో ఖాళీగా ఉంది. ఆ గీత మీద ఎవరి పేరు రాయాలనుకుంటున్నానో ఆ మనిషి ఈ హాల్లోనే ఉంది. ఇంకా అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందో లేదో తెలీదు, ఒప్పుకోకపోవడానికి ఆమెకు కారణం ఉంది. ఇవాళ ఇంటికి వెళ్ళేలోగా అడగాలి, అడిగేముందు ఇరవై ఏళ్ళుగా దాచుకున్న ఒక సంగతి చెప్పాలి. కాబట్టి కాఫీలు మళ్ళీ నింపుకోండి.

నేను చేరింది డెబ్భై ఒకటిలో. కింద ఇనప సామాన్ల కొట్టు, పైన మా ఆఫీసు, పదిహేడు మెట్లు. మేకుల వాసన, నూనె వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేవి, ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా వేళ్ళు వాటంతట అవే టైపు కొట్టబోతాయి. మైలో గారికి అప్పుడు జుట్టుండేది. (నవ్వులు) నిజంగానే ఉండేది, నల్లగా, నూనె రాసి వెనక్కి దువ్వుకునేవారు. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి, "చూడమ్మా, ఇక్కడికి వచ్చేవాళ్ళకి రెండు భయాలుంటాయి, ఒకటి చావు, రెండోది కాగితం, రెండోదే ఎక్కువ" అన్నారు. ఎంత నిజమో నాకు నెల తిరక్కుండానే తెలిసింది. మొక్కజొన్న కోతలు అయిపోయాక, మంచు పడకముందు, మధ్యలో దొరికే ఆ మూడు వారాల్లోనే మన రైతులు లాయరు మెట్లెక్కేది. టోపీ చేతిలో పట్టుకుని, ఆడవాళ్ళు గసగసాలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, కొలాచీల పళ్ళెం గుడ్డతో కప్పి తెచ్చి, డెంటిస్టు దగ్గరికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చునేవారు.

వీలునామా అంటే వాళ్ళకి భయం లేదు, చచ్చాకే కదా. బతికుండగా పని చేసే ఈ పవర్ కాగితం అంటేనే గుండె గుభేలుమనేది. "ఏమ్మా, దీని మీద సంతకం పెడితే రేప్పొద్దున్న ట్రాక్టరు మావాడిదైపోతుందా?" అని అడిగేవారు. "కాదు మావయ్యా, ట్రాక్టరు నీదే, నువ్వు నడపలేని రోజున తాళంచెవి ఎవరి దగ్గరుండాలో రాస్తున్నావంతే" అనేదాన్ని. "మరి నేను నడపగలిగే రోజున వాడు తాళంచెవి తీసుకుంటే?" అనేవారు. "తీసుకునే రకం అనుకుంటే వాడి పేరు రాయకు, ఇంకెవరినైనా చూసుకో" అనేదాన్ని. అప్పుడు ఆ మనిషి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ చాలాసేపు ఆలోచించేవాడు. ఈ ఉద్యోగంలో నేను చూసిందల్లా ఆ ఆలోచించే మొహాలే. ఇంతమంది బంధువుల్లో, ఇంతమంది పిల్లల్లో, నేను పిచ్చివాణ్ణయిపోతే నా పేరు మీద సంతకం ఎవరు పెడితే నాకు సిగ్గుండదు అని ఆలోచించే మొహాలు.

సంతకం పెట్టాక దాన్ని ఎక్కడ దాస్తారో అది ఇంకో కథ. జ్ఞాపకం ఉందా, మీలో ఒకాయన, పేరు చెప్పనులెండి, ఆయన ఎర్ర చొక్కా వేసుకుని మూడో బల్ల దగ్గర కూర్చున్నాడు (నవ్వులు), కాగితం భద్రంగా ఉండాలని బ్యాంకు లాకర్లో పెట్టి తాళం వేశాడు. ఆ లాకరు తెరిచే అధికారం భార్యకి ఇస్తున్నట్టు రాసి ఉన్నది ఆ కాగితంలోనే. ఇంకొకాయన నాన్నని పూడ్చి వచ్చిన మర్నాడే పొద్దున్నే వచ్చి, ఈ పవర్ పెట్టుకుని నాన్న బండి అమ్మేస్తానన్నాడు. "బాబూ, నాన్న పోయిన క్షణాన నీ పవరూ పోయింది, ఇహ నడిచేది వీలునామా" అంటే నిన్నటిదాకా లేని ఏడుపు అప్పుడు ఏడ్చాడు. బండి కోసం కాదు. నాన్న తరఫున చెయ్యడానికి ఇంక ఏమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది వాడికి.

సరే, నా పద్ధతి గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కాగితం మీద సంతకం పెట్టే మనిషికి తానేం చేస్తున్నాడో తెలిసి ఉండాలి. తెలుసో లేదో చూసి నోటరీ ముద్ర వెయ్యాలి. పట్నంలో అయితే ఇవాళ తేదీ ఎంత, దేశాధ్యక్షుడు ఎవరు అని అడుగుతారట. కోతల రోజుల్లో మనవాళ్ళకి తేదీ ఎవరికి తెలుసు? నేను కాఫీ పోసి ఒకటే అడిగేదాన్ని. "నేను మీ ఇంటికి రావాలి, దారి చెప్పండి" అనేదాన్ని, అంతే. తన ఇంటి దారి వరసగా చెప్పగలిగినవాడికి తన పొలం తెలుసు, తన మనుషులు తెలుసు, చాలు.

కాకపోతే మన ఊళ్ళో దారి చెప్పడం అంటే మీకు తెలుసుగా. లేనివాటి మీదుగా చెప్తాం. "తూర్పుకి వెళ్ళి, బడి దగ్గర ఎడమకి తిరిగి, కోలార్ డాన్సుహాలు దాటి, హ్రూష్కా వాళ్ళ కొట్టం దగ్గర మళ్ళీ తిరుగు" అంటాం. ఆ బడి మూసేసి, చెక్కలు కూడా ఎవరో పట్టుకెళ్ళిపోయి అరవై ఏళ్ళు. డాన్సుహాలు పిడుగు పడి కాలిపోయింది. హ్రూష్కా వాళ్ళ కొట్టం మీద ఇప్పుడు సోయా వేస్తున్నారు. కౌంటీవాళ్ళు మూలమూలనా ఆకుపచ్చ బోర్డులు పాతి నంబర్లు రాశారు, మనలో ఒక్కడు ఆ నంబరు చెప్పగా నేను వినలేదు. పార్శిల్ బండి నడిపే అతను ఒకసారి మధ్యాహ్నమంతా ఆ బడి కోసం తిరిగి తిరిగి మా ఆఫీసుకి వచ్చి, "ఈ ఊళ్ళో అందరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా?" అని అడిగాడు. (నవ్వులు) కాదు బాబూ, మాకు అవన్నీ కనిపిస్తూనే ఉంటాయి.

ఇప్పుడు డెబ్భై తొమ్మిది సంగతి. వ్లాస్తా, నువ్వు నా వైపు చూడక్కర్లేదు, విను చాలు.

వ్లాస్తా పోస్పిషిల్, నేను ఒక బల్ల మీద చదువుకున్నాం. నా పెళ్ళిలో తోడుపెళ్ళికూతురు తను, తన పెళ్ళిలో నేను. తన కూతురు రెనాటాకి జ్ఞానస్నానం ఇచ్చిన రోజున పిల్లని చేతుల్లోకి తీసుకుని జ్ఞానతల్లిగా మాట ఇచ్చింది నేను. వాళ్ళాయన లాడీ నన్ను మరదలు పిల్లా అనేవాడు, నేను బావా అనేదాన్ని. ఆ లాడీకి నడుం ఆపరేషను పడింది, ఒమాహాలో మూడు వారాలు ఉండాలి. ఉన్నన్నాళ్ళూ పశువుల సంగతి, పొలం సంగతి వ్లాస్తా చూసుకోవడానికి పవర్ కాగితం కావాలని శుక్రవారం సాయంత్రం వచ్చాడు. కింద బండి ఇంజను ఆపకుండానే మెట్లెక్కి వచ్చి, "త్వరగా కానీ మరదలా, డాన్సుకి టైమైంది" అన్నాడు. నాకూ డాన్సే కావాలి. ఆ రోజుల్లో టైపు అంటే మూడు కాపీలకి మధ్య కార్బన్లు పెట్టి కొట్టాలి. లాయరుగారు ఇచ్చిన నమూనా కొట్టుకుంటూ పోతే చివరి వాక్యం ఒక్కటి రెండో పేజీకి జారిపోతోంది. ఒక్క వాక్యం కోసం మళ్ళీ మూడు కాగితాలు, కార్బన్లు సర్దాలి. నాకు ఇంకో జబ్బు కూడా ఉంది, ఏ కాగితమైనా ఒక్క పేజీలో ఇమిడిస్తే గొప్ప అనుకునేదాన్ని. ఆ వాక్యం వదిలేశాను. మూడు వారాల నడుం నొప్పికి అదెందుకులే అనుకున్నాను. లాయరుగారు చదవకుండా సంతకానికి పంపించారు, నేను ముద్ర వేశాను, లాడీ, వ్లాస్తా, నేను ముగ్గురం డాన్సుకి వెళ్ళాం. లాడీ నడుం నొప్పితోనే పోల్కా ఆడాడు.

ఆ వదిలేసిన వాక్యం ఏమిటంటే, తరవాత నాకు తెలివి తప్పినా, మతి చెడినా, ఈ అధికారం చెల్లుతుంది అని. అది లేకపోతే ఏమవుతుందో మీకు ఇన్నేళ్ళుగా చెవి కోసిన మేకలా అరిచి చెప్తూనే ఉన్నాను. మనిషి బాగున్నన్నాళ్ళూ కాగితం బాగుంటుంది, మనిషికి మతి తప్పిన రోజున కాగితమూ చచ్చిపోతుంది. ఎండలో విచ్చుకుని, చినుకు పడగానే మూసుకుపోయే గొడుగు అది. తనే సంతకం పెట్టలేని మనిషి తరఫున ఇంకొకరు ఎలా పెడతారని చట్టం అడిగేది. నాలుగేళ్ళ కిందట మన రాష్ట్రం చట్టం మార్చింది, ఇప్పుడు ఆ వాక్యం రాయకపోయినా ఉన్నట్టే లెక్క. అయినా నేను రాస్తాను, రాసి గట్టిగా చదువుతాను. ఏమని చదువుతాను?

(హాల్లో చాలామంది కలిసి: "తరవాత నాకు తెలివి తప్పినా, మతి చెడినా, ఈ అధికారం చెల్లుతుంది." నవ్వులు, చప్పట్లు.)

పాడుతున్నారు కదూ. మీ మనవళ్ళు కూడా నన్ను వెక్కిరిస్తారు ఆ వాక్యంతో, నాకు తెలుసు. ఎందుకు అంత గట్టిగా చదివేదాన్నో మాత్రం మీరెవరూ అడగలేదు.

తొంభై ఏడు అక్టోబరులో వ్లాస్తా ఆ పాత కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. లాడీకి అప్పటికి ఏడాదిగా మతిమరుపు, డాక్టరు రాసి కూడా ఇచ్చాడు. పొలం కౌలుకి ఇవ్వాలి, సంతకం కావాలి. కౌలుకి తీసుకునేవాళ్ళు ఆ కాగితం చాలదన్నారు. "ఇది పనికిరాదంటున్నారే లియోనా, నువ్వే టైపు చేశావుగా, చూడు" అంది. చూశాను. ఒక్క పేజీ, అందంగా ఇమిడింది. మైలో గారు నా చేతిలోంచి కాగితం తీసుకుని చూశారు, నన్ను చూశారు, "నా పొరపాటమ్మా వ్లాస్తా, మూడు వారాలకే కదాని నేనే ఆ వాక్యం వద్దన్నాను" అన్నారు. నిజానికి ఆయన ఎప్పుడూ వద్దనలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరు ఆ తప్పు ఆయనదనుకుంటోంది, నేను అనుకోనిచ్చాను.

(ముందు వరసలో ఎవరో మైలో బ్రెజినా చెవిలో చెప్పారు. ఆయన లేవకుండానే, "చదవకుండా పంపింది ఎవరు? చదవడం నా పని" అన్నారు.)

చూశారా, ఇప్పటికీ ఒప్పుకోరు. కూర్చోండి సార్, మీరు కూర్చునే ఉన్నారులెండి. (నవ్వులు)

అప్పుడు వ్లాస్తా, "అయితే కొత్తది రాయండి, ఆయన్ని తీసుకొచ్చాను, కింద బండిలో ఉన్నాడు" అంది. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని పదిహేడు మెట్లూ ఎక్కించి తీసుకొచ్చాను. కాగితం సిద్ధం చేశాను, ఆ వాక్యం మొదటే రాశాను. కాఫీ పోసి, "బావా, నేను మీ ఇంటికి రావాలి, దారి చెప్పు" అన్నాను. చెప్పాడు. ఎంత చక్కగా చెప్పాడని. తూర్పుకి వెళ్ళమన్నాడు, బడి దగ్గర ఎడమకి తిరగమన్నాడు, డాన్సుహాలు, కొట్టం, ఒక్క మలుపు తప్పలేదు. వ్లాస్తా నా వైపు చూసి నవ్వింది, నా చెయ్యి ముద్ర మీదికి వెళ్ళిపోయింది. లాడీ కాఫీ ఒక గుక్క తాగి, "బడి దగ్గర మెల్లిగా పోవే మరదలా, ఇప్పుడు పిల్లల్ని ఆటకి వదిలే టైము" అన్నాడు.

మనందరం ఆ బడి పేరు చెప్తాం. లాడీ లెక్కన అందులో ఇంకా పిల్లలున్నారు.

ముద్ర సొరుగులో పెట్టేశాను. వ్లాస్తాకి అర్థమైంది. "వెయ్యవే, ఎవరడుగుతారు? ఆయన సంతకం పెట్టగలడు, చూడు పెన్ను పట్టుకున్నాడు" అంది. "వెయ్యలేనే" అన్నాను. "వెయ్యలేవా, వెయ్యవా?" అంది. "వెయ్యను" అన్నాను. లాడీ పెన్ను పట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. వ్లాస్తా ఆయన చేతిలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టి, ఆయన కోటు బొత్తాలు పెట్టి, తీసుకెళ్ళిపోయింది. ఆ తరవాత నాతో మాట్లాడలేదు.

కాగితం లేకపోతే కోర్టే. జడ్జిగారు విచారించి ఈ మనిషికి మతి లేదని తేల్చి, భార్యని సంరక్షకురాలిగా పెట్టాలి. మన వారపత్రికలో నోటీసు పడింది, ఊరంతా చదివారు, నేనూ చదివాను. లాడీ పెళ్ళినాటి సూటు వేసుకుని వచ్చాడు, అది ఆయనకి వదులైపోయింది. తెలియని లాయరు ఒకాయన డాక్టరు రాసిందంతా పైకి చదివాడు, స్నానం సంగతి కూడా, బట్టల సంగతి కూడా. లాడీ అంతా విని, వ్లాస్తా వైపు తిరిగి, "నేనేం తప్పు చేశానే?" అని అడిగాడు. మెల్లిగా అడిగాననుకున్నాడు, వెనక గోడ దగ్గర నించున్న నాకు వినపడింది. రెనాటాకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, తండ్రికి ఇంకో పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల తల తిప్పి నన్ను చూసింది.

లాడీ ఇంకో ఆరేళ్ళు బతికాడు. లెక్కలు చెప్పుకోవడానికి ప్రతి ఏడాదీ వాళ్ళు ఆ కోర్టు మెట్లెక్కారు. వ్లాస్తా చర్చిలో కూర్చునే వరస మార్చుకుంది, కూరగాయలు కొనే వేళ మార్చుకుంది. లాడీ అంత్యక్రియలకి నేను వెళ్ళాను, సమాధి దగ్గర నా పక్కన ఎవరూ నించోలేదు. మా ఆయన ఎడ్విన్, "నువ్వు చేసింది న్యాయమేనే" అనేవాడు. అందరూ అదే అన్నారు. నా ముద్రకి విలువ ఉండాలి, నా తప్పు కప్పుకోవడానికి నేను దొంగముద్ర వేస్తే ఇహ ఈ కౌంటీలో ఏ కాగితానికీ అర్థం లేదు, అది నాకూ తెలుసు. కానీ లాడీ ఆ మాట అడిగినప్పుడు వెనక నిలబడి, వేసేస్తే పోయేదే అనుకున్నాను. ఇప్పటికీ రెండూ అనుకుంటాను. ఎన్నేళ్ళు ఆలోచించినా ఆ రెండూ ఒకటి కాలేదు.

ఇక నా సంగతి. మార్చిలో లింకన్‌లో డాక్టరమ్మ చెప్పింది, నాకూ మొదలైందని. అలా చూడకండి, ఇవాళ బాగానే ఉన్నాను, ఎర్ర చొక్కా ఆయన ఎవరో ఇంకా గుర్తుంది నాకు. ఇంకా కొంతకాలం బాగానే ఉంటానంది. ఆ కొంతకాలంలోనే ఈ కాగితం ముగించాలి, ఆ తరవాత రాసింది చెల్లదు. నా కుర్చీలోకి వస్తున్న మార్సీ ఇవాళ మధ్యాహ్నం గంటసేపు నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగింది, ఒక్కటీ వదల్లేదు, నేను నేర్పిన మనిషి కదా. నా కాగితం మీద నేను ముద్ర వేసుకోకూడదు, మార్సీ వేస్తుంది. మీరందరూ కూడా విన్నారు, ఈ గంటసేపూ తెలివితోనే మాట్లాడానని రేపు ఎవరైనా అడిగితే చెప్పండి.

ఇద్దరు డాక్టర్లు మతి పోయిందని రాసిచ్చాకే పవరు మొదలవ్వాలని రాసుకునేవాళ్ళున్నారు. నేను అలా రాసుకోలేదు. సంతకం పెట్టిన నిమిషం నించే మొదలు. నా గురించి డాక్టరు రాసింది ఎక్కడా ఎవరూ పైకి చదవకూడదు. దానికి నాకు కాగితం మీద నమ్మకం చాలదు, మనిషి మీద నమ్మకం కావాలి. ఎడ్విన్ లేడు, మాకు పిల్లలు లేరు. డెన్వర్‌లో మా తమ్ముడి కొడుకున్నాడు, మంచివాడే, నేను ఏం చెప్పినా సరే అత్తా అంటాడు. నాకు సరే అనేవాళ్ళు వద్దు.

రెనాటా, నీ పేరు రాయాలని ఉందమ్మా. ఆ వాక్యం వదిలేసింది నేను. మీ అమ్మకీ నీకూ ఆ మాట ఇరవై ఏళ్ళ కిందటే చెప్పాల్సింది, చెప్పలేదు. ఒక పేజీ తక్కువ టైపు చేసినందుకు మీ నాన్న ఆ గదిలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ గదిలో ఏం జరుగుతుందో ఈ ఊళ్ళో మీ అమ్మ తరవాత నీకే బాగా తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీకు ఇష్టం లేకపోతే ఇక్కడే, అందరి ముందే కాదని చెప్పెయ్యి, నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ నీ మీద కాదు.

(మధ్య బల్ల దగ్గర రెనాటా పోస్పిషిల్ లేచి నిలబడింది, ఉన్న చోటు నించే ఏదో అంది.)

వెనకున్నవాళ్ళకి వినపడలేదట, నేనే చెప్తాను. "నువ్వు ముద్ర వెయ్యనందుకు కాదు పిన్నీ నాకు కోపం" అంటోంది. "టైపు తప్పుకి కూడా కాదు. ఆ రోజు కోర్టులో గోడకానుకుని నించున్నావు. ముందు వరసలో నాన్న పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకు వచ్చి కూర్చోలేదు?" అంటోంది.

నాకు తోచలేదమ్మా. కాదు, అబద్ధం. తోచింది. ఆ కుర్చీ నాకు కనిపించింది. మీ అమ్మ లేచిపొమ్మంటుందేమోనని భయపడ్డాను. ఇంతకాలం ముద్ర గురించీ, వాక్యం గురించీ ఆలోచించుకున్నాను గానీ ఆ కుర్చీ గురించి ఒక్కనాడూ ఆలోచించుకోనివ్వలేదు నన్ను నేను. నువ్వు అడగ్గానే తెలిసింది, నేను చేసిన తప్పు అదే.

(రెనాటా బల్లల మధ్య నించి నడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. ఆమె వెనకే వ్లాస్తా చేతికర్ర పట్టుకుని లేచింది.)

రాయమంటోంది. "నా పేరు రాయి పిన్నీ, నిన్ను ఎక్కడికి తీసుకెళ్ళాల్సి వచ్చినా నీ పక్కన నేను కూర్చుంటాను" అంటోంది. రాస్తున్నాను. రెనాటా పోస్పిషిల్. మార్సీ, ముద్ర తెచ్చావా? తెచ్చింది. చదవాలి కదా ముందు, చదివే వేస్తుంది, నాలా కాదు.

ఈ లోపల మీ అందరికీ చెప్పాల్సినవి చెప్పేస్తాను. ఇన్నేళ్ళు మీ రహస్యాలు నా సొరుగుల్లో పెట్టుకోనిచ్చినందుకు, మీ పిల్లల్లో మీరు ఎవరిని నమ్ముతారో, ఎవరిని నమ్మరో నాకు చెప్పి ఏడ్చినందుకు, ఏడ్చాక కొలాచీలు ఇచ్చి వెళ్ళినందుకు, నలభై ఆరేళ్ళు నన్ను భరించిన మైలో గారికీ, ఇవాళ ఇంత దూరం వచ్చిన మీకందరికీ నా ధన్యవాదాలు. ఇంకో మాట చెప్పాలనుకున్నాను కానీ,

(వ్లాస్తా వేదిక మీదికి వచ్చి, కుర్చీ ఒకటి లాగి లియోనా వెనక పెట్టి, ఏదో అంది.)

ఇరవై ఏళ్ళ తరవాత వ్లాస్తా నాతో మాట్లాడిన మాట ఇది, మీకూ వినిపిస్తాను. "నించుని పెడతావేమిటే, కూర్చుని పెట్టు సంతకం" అంటోంది.

కూర్చుంటున్నాను. సెలవు.